ట్రాక్టర్ డ్యూయల్ క్లచ్ సర్దుకోవడం ఎలా: ముందు తప్పు ఏ సగంలో ఉందో తేల్చుకోండి

క్లచ్ పెడల్ పూర్తిగా నొక్కినా రోటవేటర్ ఆగడం లేదని పెడల్‌ను క్లచ్‌కు కలిపే రాడ్డు తిప్పి బిగించేస్తారు. రోటవేటర్ ఆగుతుంది. పని అయిపోయిందనుకుంటారు. కొన్నాళ్లకే ట్రాక్టర్ లాగడం మానేస్తుంది, విప్పి చూస్తే మెయిన్ ప్లేటు కాలిపోయి ఉంటుంది. డ్యూయల్ క్లచ్ బండ్లలో ప్లేటు అకాలంగా పోవడానికి నాకు తెలిసి పెద్ద కారణం ఇదే. విశాఖ దగ్గరి ఆనందపురం, పద్మనాభం, భీమిలి మండలాల్లో ఒకే ట్రాక్టర్ దమ్ముకూ వెళ్తుంది, దుక్కికీ వెళ్తుంది, పొలం పనులు లేనప్పుడు ఇటుకలకూ మట్టికీ తిరుగుతుంది. అలాంటి బండి ఊడుపుల రోజుల్లో షెడ్డులో కూర్చుంటే ఆ ఇంట్లో ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. అందుకే స్పానర్ పట్టుకునే ముందు తప్పు పెడల్ మొదటి సగంలో ఉందా, రెండో సగంలో ఉందా అన్నది తేల్చుకోవాలి. అది తేలితే మిగతా పని సులువు.

మీ బండిలో ఉన్నది ఏ క్లచ్?

ఒకే పెడల్‌తో రెండు పనులు చేసేదాని గురించే ఇక్కడ చెబుతున్నాను. పెడల్ సగం నొక్కితే ట్రాక్టర్ ఆగుతుంది, పీటీఓ, అంటే రోటవేటర్ లాంటి పనిముట్లను తిప్పే వెనక షాఫ్టు, తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా నొక్కితే పీటీఓ కూడా ఆగుతుంది. కొన్ని బండ్లలో పెడల్ ట్రాక్టర్ నడకకు మాత్రమే ఉంటుంది, పీటీఓ క్లచ్‌కు పక్కన వేరే చేతి లివర్ ఉంటుంది. దాన్ని డబుల్ క్లచ్ అని అమ్ముతుంటారు. మీది అదైతే పెడల్ ఫ్రీ ప్లే (పట్టు తగిలే ముందు పెడల్ ఊరికే కదిలే దూరం) గురించి చెప్పేది మీకూ పనికొస్తుంది, పీటీఓను ఆపే రెండో దశ సర్దుబాటు మాత్రం మీ బండికి పట్టదు. ఒకే మోడల్‌ను కంపెనీలు సింగిల్ క్లచ్‌తోనూ డ్యూయల్ క్లచ్‌తోనూ అమ్ముతాయి కాబట్టి, పక్కింటి వాళ్ల దగ్గర అదే బండి ఉందని వాళ్ల కొలతలు మీ దానికి పెట్టకండి. మీ బండితో వచ్చిన పుస్తకం తీసి దగ్గర పెట్టుకోండి. నేను కింద ఇచ్చే అంకెలకూ పుస్తకంలోని అంకెకూ తేడా వస్తే పుస్తకానిదే ఖాయం చేసుకోండి.

పెడల్ నొక్కితే లోపల జరిగేది

ఫ్లైవీల్ వెనక ఒకే కవర్‌లో రెండు క్లచ్ ప్లేట్లు ఉంటాయి. ఒకటి గేర్‌బాక్సును తిప్పే మెయిన్ ప్లేటు, రెండోది పీటీఓ ప్లేటు. షాఫ్టులు కూడా రెండు. ఒకటి లోపల, దాని చుట్టూ బోలుగా ఇంకొకటి. రెండు ప్లేట్లకూ వేరు వేరు ప్రెషర్ ప్లేట్లు ఉన్నాయి కానీ వాటిని లాగే ఫింగర్లు, ఆ ఫింగర్లను నెట్టే రిలీజ్ బేరింగు మాత్రం ఒకటే.

మీరు పెడల్ నొక్కడం మొదలుపెట్టగానే ముందు ఊరికే కొంచెం కదులుతుంది. బేరింగు ఇంకా ఫింగర్లను తాకలేదు. అదే ఫ్రీ ప్లే. తర్వాత బేరింగు ఫింగర్లను తాకి మెయిన్ ప్రెషర్ ప్లేటును వెనక్కి లాగుతుంది, మెయిన్ ప్లేటు వదులవుతుంది. ఇంకా నొక్కితే ఆ ప్రెషర్ ప్లేటు కొంత దూరం వచ్చి సర్దుబాటు బోల్టులను తాకుతుంది. అక్కడి నుంచి పీటీఓ ప్రెషర్ ప్లేటు కూడా కదలాలి కాబట్టి కాలికి బరువు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ బరువు పెరిగే చోటే మొదటి దశకూ రెండో దశకూ మధ్య హద్దు. అలవాటైన డ్రైవరు పొలం గట్టు దగ్గర రోటవేటర్ ఎత్తేటప్పుడు కాలిని సరిగ్గా అక్కడే ఆపుతాడు. మాసీ ఫెర్గూసన్ పాత నమూనాల్లో హైడ్రాలిక్ పంపు కూడా పీటీఓ వైపు నుంచే తిరుగుతుంది. వాటిలో పెడల్ పూర్తిగా నొక్కేస్తే లిఫ్టు కూడా లేవదు. లిఫ్టు పాడైందని హైడ్రాలిక్ విప్పించే ముందు, పెడల్ సగంలో ఆపి ఒకసారి లేపి చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. పెడల్ కదిలే మొత్తం దూరం మారదు. పైన ఫ్రీ ప్లే ఎక్కువైతే ఆ నష్టం కింద కనిపిస్తుంది. పెడల్ అడుగుకు తగిలే సరికి మెయిన్ ప్లేటు వదిలి ఉంటుంది కానీ పీటీఓ ప్లేటు పూర్తిగా వదలదు. అంటే ఫ్రీ ప్లే పెరిగితే ముందు దెబ్బ తినేది రెండో దశ. ఫ్రీ ప్లే లేకుండా పోతే దెబ్బ తినేది మెయిన్ ప్లేటు. బేరింగు ఎప్పుడూ ఫింగర్లను నొక్కుతూ ఉంటుంది కాబట్టి ప్లేటు పూర్తిగా పట్టదు, బరువు పడగానే జారి కాలుతుంది. పీటీఓ ఆగడం లేదన్నప్పుడు ఫ్రీ ప్లే నిజంగా ఎక్కువగా ఉంటే రాడ్డు తిప్పడం సరైన పనే. ఫ్రీ ప్లే సరిగ్గానే ఉండి కూడా పీటీఓ ఆగకపోతే, రాడ్డుతో దానికి మందు లేదు. రాడ్డు ఇంకా బిగిస్తే పీటీఓ ఆగుతుంది, మెయిన్ ప్లేటు మాత్రం బలైపోతుంది.

పని మొదలుపెట్టే ముందు

బండిని చదును నేల మీద నిలపండి. రోటవేటర్ గానీ ట్రక్కు (ట్రైలరు) గానీ విప్పేయండి. పీటీఓకు తగిలించిన జాయింట్ షాఫ్టు కూడా తీసేయండి. హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. కొలిచేటప్పుడు, రాడ్డు తిప్పేటప్పుడు ఇంజన్ ఆపి తాళం జేబులో పెట్టుకోండి. ఇంజన్ నడిపి చూడాల్సిన పరీక్షల్లో సీటు మీద ఒకరు, దూరంగా పక్కన నిలబడి చూసేవాళ్లు ఒకరు ఉండాలి. చూసేవాళ్లు లుంగీ, కండువా, చీర కొంగు లాంటివి వదులుగా ఉంచుకుని పీటీఓ దగ్గరకు రాకూడదు. పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. గుడ్డ చివర ఒక్కసారి చుట్టుకుందంటే మనిషి చెయ్యి వెనక్కి తీసుకునేంత వ్యవధి కూడా ఉండదు. తిరుగుతున్న షాఫ్టు ఆగిందో లేదో చేత్తోనో కర్రతోనో ముట్టి చూడటం ఎప్పుడూ చేయకండి.

సామాన్లు ఎక్కువ అక్కర్లేదు. సైజుకు తగ్గ స్పానర్లు, స్టీలు స్కేలు, కటింగ్ ప్లేయరు, కొత్త స్ప్లిట్ పిన్ను, గ్రీజు గన్ను, చాక్‌పీసు. రెండో దశ కూడా చూడాలంటే ఫీలర్ గేజ్, మంచి టార్చి.

మూడు ఎత్తులు కొలవండి

క్లచ్ ఆరోగ్యం మొత్తం ఈ మూడు అంకెల్లో ఉంది. కాబట్టి తొందరపడకుండా కొలవండి.

మొదటిది ఫ్రీ ప్లే. ఇంజన్ ఆపి ఉంచి, ఫుట్‌బోర్డు మీద స్కేలు నిలబెట్టి పెడల్ అంచు ఎత్తు చూడండి. తర్వాత పెడల్‌ను కాలితో కాకుండా చేత్తో నెమ్మదిగా నొక్కండి. వదులుగా కదిలి, ఒక చోట గట్టిగా తగులుతుంది. అక్కడ మళ్లీ ఎత్తు చూడండి. రెంటికీ మధ్య తేడాయే ఫ్రీ ప్లే. మన దగ్గర తిరిగే చాలా బండ్లకు ఇది 20 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది.

రెండోది పీటీఓ అందుకునే ఎత్తు, మూడోది ట్రాక్టర్ కదిలే ఎత్తు. వీటికి చుట్టూ ఖాళీ ఉన్న కల్లం లాంటి చోటు కావాలి. చక్రాల దిమ్మలు తీసేసి, హ్యాండ్‌బ్రేకు వదిలేయండి. ఇంజన్ స్లోలో పెట్టి, పెడల్ పూర్తిగా నొక్కి, పీటీఓ లివరు వేసి, అన్నిటికంటే చిన్న లో గేరు వేయండి. ఇప్పుడు పెడల్‌ను వెంట్రుక వాసి చొప్పున వదులుతూ రండి. ముందు పీటీఓ తిరగడం మొదలవ్వాలి. పక్కన ఉన్నవాళ్లు చెప్పగానే పెడల్‌ను అక్కడే పట్టుకుని ఎత్తు చూసి చాక్‌తో గుర్తు పెట్టండి. ఇంకా వదిలితే ట్రాక్టర్ కదలడం మొదలవుతుంది. అక్కడ ఇంకో గుర్తు. గుర్తులు పెట్టాక ఇంజన్ ఆపి తీరిగ్గా కొలుచుకోవచ్చు.

ఈ రెండు గుర్తుల మధ్య స్పష్టమైన దూరం ఉండాలి. పీటీఓ గుర్తు అడుగుకు మరీ దగ్గరగా ఉండి ఫ్రీ ప్లే ఎక్కువగా ఉంటే రాడ్డు సర్దితే సరిపోతుంది. ఫ్రీ ప్లే సరిగ్గా ఉండి, ట్రాక్టర్ కదిలే ఎత్తు కూడా మామూలుగానే ఉండి, పీటీఓ ఒక్కటే ఆగకపోతే తప్పు రెండో దశ బోల్టుల్లోనో పీటీఓ ప్లేటులోనో ఉంది. రెండూ దాదాపు ఒకే చోట అందుకుంటుంటే రెండో దశ సందు బాగా తగ్గిపోయిందని అర్థం. ఈ మూడు అంకెలనూ తేదీ, మీటరు గంటలతో సహా పుస్తకం వెనక పేజీలో రాసి పెట్టండి. బండి బాగున్నప్పుడు రాసినవైతే మరీ మంచిది. రేపు ఏ మెకానిక్ వచ్చినా మీ మాటకు ఆధారం ఉంటుంది.

ఒక జాగ్రత్త. గేర్‌బాక్సులో ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు, ముఖ్యంగా ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు, క్లచ్ సరిగ్గా వదిలినా ఖాళీ పీటీఓ షాఫ్టు మెల్లగా తిరుగుతూనే ఉండొచ్చు. బండి వేడెక్కాకే ఈ పరీక్ష చేయండి. అలాగే రోటవేటర్ తగిలించి ఉంటే దాని బరువు ఊపుకు పెడల్ నొక్కాక కూడా కాసేపు తిరుగుతుంది. దాన్ని క్లచ్ తప్పనుకోకూడదు.

ఫ్రీ ప్లే సర్దడం

ముందు గ్రీజు కొట్టండి. పెడల్ షాఫ్టుకూ, క్లచ్ క్రాస్ షాఫ్టుకూ నిప్పుల్స్ ఉంటాయి. మట్టి పట్టి కనిపించకుండా పోయి ఉంటాయి, గోకి చూడండి. గ్రీజు లేని షాఫ్టు పెడల్‌ను పూర్తిగా పైకి రానివ్వదు, అప్పుడు మీరు కొలిచిన కొలతలన్నీ తప్పే. పెడల్‌ను వెనక్కి లాగే స్ప్రింగు సాగిపోయిందేమో, రాడ్డు కొసనున్న క్లెవిస్ (U ఆకారపు ముక్క) పిన్ను, దాని రంధ్రం అరిగిపోయాయేమో చూడండి. అరిగిన పిన్ను దొంగ ఫ్రీ ప్లే చూపిస్తుంది. మీరు పెడల్ దగ్గర 25 మిల్లీమీటర్లు ఉందని తృప్తి పడతారు, లోపల బేరింగుకూ ఫింగర్లకూ మధ్య అసలు సందే ఉండదు. పిన్ను చిన్నది, చవక. అరిగితే మార్చేయండి.

తర్వాత రాడ్డు మీద ఉన్న లాక్‌నట్టు వదులు చేయండి. స్ప్లిట్ పిన్ను తీసి, క్లెవిస్ పిన్ను బయటకు లాగండి. క్లెవిస్‌ను ఒక చుట్టు తిప్పి, పిన్ను మళ్లీ పెట్టి, పెడల్ దగ్గర కొలవండి. రాడ్డు పొడవు పెంచితే ఫ్రీ ప్లే తగ్గుతుందా పెరుగుతుందా అన్నది లింకేజీ అమరికను బట్టి మోడల్‌కో రకంగా ఉంటుంది. ఆ మొదటి చుట్టులోనే మీకు దిశ తెలిసిపోతుంది. కొన్ని బండ్లలో పిన్ను తీయక్కర్లేకుండా మధ్యలో టర్న్ బకిల్ (తిప్పితే రాడ్డు పొడవు మారే ముక్క) ఉంటుంది, మరికొన్నిటిలో పెడల్ చేతిలోనే సర్దుబాటు బోల్టు ఉంటుంది. పద్ధతి ఏదైనా ఒక్కో చుట్టు తిప్పి కొలుస్తూ వెళ్లండి.

కావలసిన అంకె వచ్చాక లాక్‌నట్టు బిగించి, కొత్త స్ప్లిట్ పిన్ను వేసి కొసలు విడదీయండి. పాత పిన్నునే వంచి మళ్లీ పెట్టడం, పిన్ను బదులు తీగ ముక్క చుట్టడం వద్దు. దమ్ములో కేజ్‌వీల్స్ మీద బండి ఊగుతున్నప్పుడు ఆ తీగ తెగిందంటే మీ కాలి కింద క్లచ్ ఉండదు. పిన్ను వేశాక పెడల్‌ను పూర్తిగా పది పన్నెండు సార్లు నొక్కి వదిలి మళ్లీ కొలవండి. అంకె మారకపోతే పని అయినట్టే. మారితే ఏదో వదులుగా ఉంది. రిలీజ్ బేరింగును నెట్టే ఫోర్కు బోల్టు గానీ క్రాస్ షాఫ్టు బుష్షులు గానీ చూడాలి.

పెడల్ కింద స్టాపర్ బోల్టు ఉన్న బండ్లలో, అది పెడల్‌ను ముందే ఆపేస్తోందా అన్నది కూడా గమనించండి. ఫుట్‌బోర్డు మీద వేసిన రబ్బరు మ్యాటు మడత పడి పెడల్‌కు అడ్డం వచ్చినా పీటీఓ ఆగదు. చిన్న విషయమే కానీ దాన్ని తీసి చూడకుండా క్లచ్ విప్పించకండి.

రెండో దశ బోల్టులు

ఫ్రీ ప్లే కచ్చితంగా సరిపోయాకే ఇక్కడికి రావాలి. చాలా మోడళ్లలో బెల్ హౌసింగ్‌కు (క్లచ్ చుట్టూ ఉండే పెద్ద పెట్టెకు) కింద గానీ పక్కన గానీ చిన్న మూత ఉంటుంది. అది తీస్తే కవర్ లోపల సర్దుబాటు బోల్టులు కనిపిస్తాయి, సాధారణంగా మూడు. మీ బండికి ఈ మూత లేకపోతే, లేదా పుస్తకంలో రెండో దశ సర్దుబాటు గురించి ఏమీ రాసి లేకపోతే, అది బయటి నుంచి సర్దేది కాదు. అక్కడితో ఆగండి.

బ్యాటరీ నెగిటివ్ వైరు తీసేయండి. గేరు, పీటీఓ లివరు రెండూ న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ ఆపే స్టాపరు లాగి ఉంచి, ఇంజన్‌ను చేత్తో తిప్పి మొదటి బోల్టును మూత దగ్గరకు తెచ్చుకోండి. పెడల్ వదిలేసి ఉండాలి. బోల్టు తలకూ అది తాకాల్సిన ప్లేటుకూ మధ్య సందులో ఫీలర్ గేజ్ పెట్టి కొలవండి. చాలా డ్యూయల్ క్లచ్‌లలో ఇది 2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, కచ్చితమైన అంకె మీ పుస్తకం నుంచే తీసుకోండి. లాక్‌నట్టు వదిలి, బోల్టు తిప్పి, సందు సరిచేసి, బోల్టు కదలకుండా పట్టుకుని నట్టు బిగించండి. బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులో సందు జరిగిపోతుంది. అలాగే మిగతా బోల్టులు.

ఈ సందు ఎక్కువైతే పీటీఓ ఆలస్యంగా వదులుతుంది, లేదా అసలు వదలదు. తక్కువైతే మెయిన్ ప్లేటు సరిగ్గా వదిలే లోపే పీటీఓ ప్లేటు కదలడం మొదలవుతుంది. అప్పుడు సగం పెడల్ మీద గేరు గర్రుమంటుంది, రోటవేటర్ కూడా అక్కడే నీరసిస్తుంది. రెండు ప్లేట్లూ ఒకే తీరుగా అరగవు. ఏడాదంతా ట్రక్కు లాగే బండికి మెయిన్ ప్లేటు ముందు అరుగుతుంది, రోటవేటర్ మీదే ఎక్కువ తిరిగే బండికి పీటీఓ ప్లేటు. అందుకే ఈ సందు కాలం గడిచేకొద్దీ మారుతూ ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా మూడు బోల్టుల సందూ సమానంగా ఉండాలి. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా అయితే ప్రెషర్ ప్లేటు వంకరగా లేస్తుంది. ఒక పక్క వదిలి ఇంకో పక్క రాసుకుంటూ పోతుంది, బండి కదిలేటప్పుడు వణుకు వస్తుంది.

ఈ పని మొదటిసారి చేసేవాళ్లు తెలిసిన మెకానిక్‌ను పక్కన పెట్టుకుని చేయడం మంచిది. చేయి పెట్టే చోటు ఇరుకు, బోల్టు గానీ స్పానర్ గానీ లోపల పడితే బండి విడదీయాల్సి వస్తుంది.

లక్షణం చూసి తప్పు పట్టడం

ఇంజన్ రైజ్ అవుతుంది, బండి వేగం పెరగదు, బరువు మీద కాలిన వాసన వస్తుంది: మెయిన్ ప్లేటు జారుతోంది. నిర్ధారించుకోవడానికి ఖాళీ చోట రెండు బ్రేకులూ కలిపి గట్టిగా నొక్కి, పెద్ద గేరు వేసి, ఇంజన్‌ను మధ్యస్థంగా పెట్టి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోతే క్లచ్ పట్టు ఉన్నట్టు. పెడల్ పూర్తిగా వదిలినా ఇంజన్ హాయిగా నడుస్తుంటే ప్లేటు జారుతోంది, వెంటనే పెడల్ నొక్కేయండి. ఈ పరీక్ష ఒకసారి చాలు. పదే పదే చేస్తే పరీక్షే ప్లేటును కాల్చేస్తుంది. జారుతోందని తేలితే ముందు ఫ్రీ ప్లే చూడండి. అది సరిగ్గా ఉంటే ప్లేటు అరిగిందో, ఆయిల్ పట్టిందో, స్ప్రింగులు నీరసించాయో.

బండి బాగానే నడుస్తుంది కానీ గట్టి నేలలో రోటవేటర్ మందగిస్తుంది, ఇంజన్ చప్పుడు మాత్రం తగ్గదు: పీటీఓ ప్లేటు జారుతోంది. ఇంజన్ కూడా మూలిగితే అది క్లచ్ తప్పు కాదు, బండి శక్తికి మించిన పని.

సగం పెడల్ మీద గేరు పడదు, గర్రుమంటుంది: మెయిన్ ప్లేటు పూర్తిగా వదలడం లేదు. ఫ్రీ ప్లే ఎక్కువైతే సర్దండి. సరిగ్గానే ఉంటే ఫింగర్ల ఎత్తు తేడా, వంగిన ప్లేటు, స్ప్లైన్ల (షాఫ్టు మీది గాళ్ల) మీద తుప్పు, పట్టేసిన పైలట్ బేరింగు (ఫ్లైవీల్ మధ్యలో షాఫ్టు కొసను పట్టేది), వీటిలో ఏదో ఒకటి. వీటన్నిటికీ బండి విడదీయాల్సిందే.

చప్పుడు విషయంలో చెవి నమ్మొచ్చు. పెడల్ మీద కాలు కొద్దిగా ఆనించగానే గీపెట్టే చప్పుడు మొదలైతే రిలీజ్ బేరింగు. పూర్తిగా నొక్కినప్పుడు మాత్రమే వస్తే పైలట్ బేరింగును అనుమానించండి. కాలు తీసేసినా వస్తూ, నొక్కితే ఆగిపోతే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగులు.

కదిలేటప్పుడు బండి దడదడలాడితే ఆయిల్ పట్టిన ప్లేటు గానీ, సమానంగా లేని ఫింగర్లు గానీ కారణం. ఇంజన్‌కూ బెల్ హౌసింగ్‌కూ మధ్య బోల్టులు వదులైనా ఇదే లక్షణం. ముందు ఆ బోల్టులు బిగించి చూడండి, ఖర్చు లేని పని.

నీళ్లు, ఆయిల్, తుప్పు

బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం, దానికో ప్లగ్గు ఉంటుంది. దమ్ము చేసేటప్పుడు ప్లగ్గు పెట్టాలి, బురద నీళ్లు లోపలికి పోకుండా. దమ్ము రోజుల్లో సాయంత్రం ఒకసారి తీసి లోపల చేరినదాన్ని వదిలేసి మళ్లీ బిగించాలి. సీజన్ అయ్యాక ప్లగ్గు తీసేసే ఉంచాలి. పెట్టడం గుర్తుండి తీయడం మర్చిపోతారు, ఆ నీళ్లు లోపలే ఉండిపోతాయి.

ప్లగ్గు తీసినప్పుడు ఏం కారిందో చూడండి. నల్లగా పల్చగా ఉంటే ఇంజన్ ఆయిల్, క్రాంక్ వెనక సీలు పోయింది. చిక్కగా తేనె రంగులో ఉండి గేరాయిల్ వాసన వస్తే ఇన్‌పుట్ షాఫ్టు సీలు. ఈ రెంటిలో ఏదైనా సరే, ఎంత సర్దినా క్లచ్ జారుతూనే ఉంటుంది. సీలు మార్చకుండా కొత్త ప్లేట్లు వేస్తే ఆ డబ్బు వృథా. పాత ప్లేటును పెట్రోలుతో కడిగి వేయమనేవాళ్లు ఉంటారు. ఆయిల్ పీల్చుకున్న లైనింగు పైన ఆరినట్టే కనిపిస్తుంది, వేడెక్కగానే మళ్లీ ఊరుతుంది.

సముద్రానికి దగ్గరగా ఉన్న మన ఊళ్లలో తుప్పు మరో బాధ. భీమిలి వైపు ఉప్పుగాలికి వానాకాలంలో రెండు నెలలు కదలకుండా నిలిచిన బండికి ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుపోతుంది. బండిని ఎక్కువ రోజులు నిలిపేటప్పుడు పెడల్ పూర్తిగా నొక్కి, అది లేవకుండా చెక్క దిమ్మ అడ్డం పెట్టండి. కొన్ని బండ్లకు దీనికోసం కొక్కెం ఇచ్చే ఉంటారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ చూసింది కదా, తుపాను నీళ్లు ఎక్కడికైనా వస్తాయి. బెల్ హౌసింగ్ దాకా బండి మునిగితే, నీళ్లు తీశాక స్టార్ట్ చేసి పనికి తీసుకెళ్లిపోకండి. ప్లగ్గు తీసి పూర్తిగా ఆరనివ్వాలి, గేరాయిల్లో నీళ్లు కలిశాయేమో చూడాలి.

ప్లేటు అతుక్కుపోయిందనిపిస్తే ముందు ఇంజన్‌ను న్యూట్రల్‌లో బాగా వేడెక్కనివ్వండి. కొన్నిసార్లు ఆ వేడికే, పెడల్ చాలాసార్లు నొక్కి వదిలితే విడిపోతుంది. గేరులో పెట్టి స్టార్ట్ చేసి కుదుపుతో విడగొట్టే పద్ధతి ఉంది. అలా స్టార్ట్ చేయగానే బండి ముందుకు దూకుతుంది, పెడల్ నొక్కినా ఆగదు. గోడలూ గట్లూ మనుషులూ లేని విశాలమైన పొలం, అనుభవం ఉన్న డ్రైవరు ఉంటే తప్ప ఆ పని చేయకండి. షెడ్డులో అసలే వద్దు.

డ్రైవరుతో మాట్లాడండి

ఎంత బాగా సర్దినా పెడల్ మీద కాలు పెట్టుకుని నడిపితే ఫలితం ఉండదు. సింహాచలం కొండ చుట్టుపక్కల ఎత్తుల మీద నిండు ట్రక్కును బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్ మీద నిలబెట్టడం, బురదలో దిగబడ్డప్పుడు క్లచ్ ఆడించి లాగడం, రోటవేటర్ మట్టిలో దించాక ఫుల్ రైజ్ మీద పీటీఓ అందించడం, ప్లేట్లను తినేవి ఇవే. రోటవేటర్‌ను నేలకు కొంచెం పైన ఉంచి, ఇంజన్ స్లోలో పీటీఓ అందించి, వేగం పెంచాక దించాలి. దిగుడు మీద ట్రక్కుతో వస్తూ క్లచ్ నొక్కి బండిని జారనివ్వడం మాత్రం ప్లేటు సంగతి కాదు, ప్రాణం సంగతి. ఇంజన్ పట్టు పోయాక వెనకున్న బరువును ట్రాక్టర్ బ్రేకులు ఒంటరిగా ఆపలేవు. ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే దిగమనండి.

విడదీయాల్సి వస్తే

ఇంజన్‌నూ గేర్‌బాక్సునూ రెండు ముక్కలుగా విడదీసే పని ఇంట్లో జాకీ మీద చేసేది కాదు. ముందు చక్రాల ఇరుసుకు రెండు పక్కలా చెక్క వెడ్జీలు (ఏటవాలు ముక్కలు) బిగించకపోతే ఇంజన్ పక్కకు ఒరుగుతుంది. స్టాండ్లు, చైన్ పుల్లీ ఉన్న షెడ్డుకు తీసుకెళ్లండి. మీ పని పక్కన ఉండి కొన్ని అడగడం. కవర్ విప్పే ముందు ఫ్లైవీల్ మీద గుర్తు పెట్టారా? ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, పగుళ్లు ఉన్నాయా, లేతు మీద సాఫు చేయించాలా? ప్లేట్లు బిగించేటప్పుడు వాటిని సరిగ్గా మధ్యలో నిలిపే డమ్మీ షాఫ్టు వాడుతున్నారా? ఫింగర్ల ఎత్తును గేజ్‌తో కొలిచి సమానం చేశారా, కంటితోనా? లోపలి దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదనివ్వకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడవమనండి.

గాజువాక ఆటోనగర్‌కు సామాన్లకు వెళ్లేటప్పుడు పాత ప్లేట్లు రెండూ వెంట తీసుకెళ్లండి. మోడల్ పేరు ఒకటే అయినా ప్లేటు వ్యాసం, స్ప్లైన్ల సంఖ్య వేరుగా ఉండొచ్చు. పక్కపక్కన పెట్టి పోల్చి చూశాకే డబ్బివ్వండి. ఎలాగూ విడదీశారు కాబట్టి రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు, రెండు సీళ్లు కూడా మార్చేయండి. వాటి ఖరీదు మళ్లీ విడదీసే కూలికంటే తక్కువ.

కొత్త ప్లేట్లు వేశాక మొదటి రోజుల్లో నిండు ట్రక్కు తగిలించకండి, తేలిక పనులు చేయించండి. లైనింగు సర్దుకునే కొద్దీ ఫ్రీ ప్లే తగ్గుతుంది. పది గంటల పని తర్వాత ఒకసారి, 50 గంటలకు ఇంకోసారి మూడు ఎత్తులూ కొలిచి, పాత అంకెల కింద కొత్తవి రాయండి. ఆ తర్వాత ప్రతి 50 గంటలకు గ్రీజు కొట్టే రోజునే ఫ్రీ ప్లే కూడా చూసుకుంటే సరిపోతుంది.